దయ్యం అడిగిన పంచనామా

మా అమ్మమ్మగారి ఇంటి పెరట్లో ఒక పాడుబావి ఉండేది. సందెవేళ దాటాక పిల్లలెవరూ అటు వెళ్ళకూడదు. "ఎందుకమ్మమ్మా?" అంటే "అందులో ఆవిడ ఉందే" అనేది. ఆవిడ తెల్లచీర కట్టుకుంటుందట, జుట్టు విరబోసుకుంటుందట, అమావాస్యనాడు గిలక చప్పుడు చేస్తుందట. ఇన్ని వివరాలు చెప్పేవాళ్ళు గాని, ఆవిడ ఎవరని అడిగితే మాత్రం ఇంట్లో అందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చేవి. ఒకనాటి రాత్రి నేను పట్టు విడవకపోతే, "పూర్వం ఎవరో కోడలు. నీళ్ళు తోడుతూ జారిపడిందిట. ఇక పడుకో" అంది అమ్మమ్మ.

పెద్దయ్యాక నాకో సందేహం పట్టుకుంది. జారిపడిన మనిషి దయ్యం ఎందుకవుతుంది? మీరు గమనించారో లేదో, నిండునూరేళ్ళు బతికి, కొడుకుల చేత తులసితీర్థం పోయించుకుని మంచం మీద పోయిన ముసలమ్మ దయ్యమైందని ఎవరూ చెప్పరు. దయ్యాలయ్యేది ఎక్కువగా కొత్త కోడళ్ళు, బాలింతలు, నోరులేని రెండో భార్యలు. అంటే ఎందుకు పోయారో ఎవరూ సరిగా చెప్పనివాళ్ళు. దయ్యం కథా, ఇంటి హత్య కథా ఒకే పెరటిగోడకు చెరో పక్కా ఉంటాయేమోనని నా అనుమానం. ఇటు నిలబడి చూస్తే దయ్యం, అటు నిలబడి చూస్తే హత్య.

ఈ అనుమానం బలపడింది అమెరికాలో నూరేళ్ళ పైచిలుకు కిందట జరిగిన ఒక కేసు గురించి చదివాక.

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో గ్రీన్‌బ్రయర్ అనే కొండప్రాంతపు జిల్లా ఉంది. 1896లో ఆ ప్రాంతానికి ట్రౌట్ షూ అనే కమ్మరి బతుకుతెరువు కోసం వచ్చాడు. మనిషి చూడ్డానికి బాగుంటాడు, మాటకారి. జోనా హీస్టర్ అనే అమ్మాయి అతన్ని ఇష్టపడింది. తల్లి మేరీ జేన్‌కు అల్లుడు మొదటినుంచీ నచ్చలేదు. అయినా పెళ్ళయిపోయింది. సుమారు మూడు నెలలకే, 1897 జనవరి 23న, ఆ పిల్ల తన ఇంట్లోనే మెట్ల కింద చచ్చిపడి ఉంది. చూసింది పక్కవాళ్ళ కుర్రవాడు. భర్తే వాణ్ణి ఏదో పనిమీద ఇంటికి పంపించాడు.

డాక్టరు వచ్చేసరికి దాదాపు గంట పట్టింది. ఈలోగా భర్త శవాన్ని మేడమీదికి మోసుకుపోయి, స్నానం చేయించి, మంచి బట్టలు తొడిగేశాడు. అక్కడి ఆచారం ప్రకారం అది ఆడవాళ్ళు చేసే పని. పైగా తొడిగింది మెడ నిండా గట్టి కాలరున్న గౌను, ముఖం మీద మేలిముసుగు. డాక్టరు మెడ దగ్గర చెయ్యి పెట్టబోతే, భార్య తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నవాడు కాస్తా మీదికి లేచాడు. పాపం, దుఃఖంలో ఉన్నాడనుకుని డాక్టరు వెళ్ళిపోయాడు. చావుకు కారణం మొదట తెలివిరాని మూర్ఛ అని రాశాడు. ఆ తర్వాత దాన్ని ప్రసవ సంబంధమైన కారణంగా మార్చాడు. మూర్ఛ, ప్రసవం! ఆడదాని చావుకు ఈ రెండు మాటలూ ఎంత తేలిగ్గా అతుకుతాయో చూడండి.

మర్నాడే పాతిపెట్టారు. శవపేటికలో తలకు ఒక పక్క దిండు, ఇంకో పక్క బట్టల చుట్ట, మెడచుట్టూ పెద్ద గుడ్డ. అది తనకెంతో ఇష్టమైందని భర్త అన్నాడట. వచ్చిన ఆడవాళ్ళు చూశారు, చెవులు కొరుక్కున్నారు, ఇళ్ళకు పోయారు. అనుమానానికి సాక్ష్యపు విలువ ఉండదుగా!

తల్లి మాత్రం ఊరుకోలేదు. తన కూతురికి ఏం జరిగిందో చెప్పమని వారాల తరబడి దేవుణ్ణి వేడుకుంది. అప్పుడు వరుసగా నాలుగు రాత్రులు కూతురు కనపడిందని ఆవిడ చెప్పింది. రాత్రి భోజనానికి మాంసం వండలేదని మొగుడు కోపంతో మెడ విరిచేశాడని ఆ పిల్ల చెప్పిందట. వెళ్ళబోతూ తల పూర్తిగా వెనక్కి తిప్పి చూపించిందట.

మేరీ జేన్ ఈ కథ పట్టుకుని ప్రాసిక్యూటరు జాన్ ప్రెస్టన్ దగ్గరికి వెళ్ళి గంటల తరబడి కూర్చుంది. ఆయన దయ్యాన్ని నమ్మాడో లేదో గాని, అమ్మను తీసిపారెయ్యలేదు. మనుషుల్ని పంపి ఊళ్ళో వాకబు చేయించాడు. తను సరిగా పరీక్షించలేదని డాక్టరు ఒప్పుకున్నాడు. ఫిబ్రవరి 22న శవాన్ని పైకి తీసి, ఒక బడి గదిలో మూడు గంటలు పరీక్ష చేశారు. మెడ ఎముక విరిగింది. గొంతు నలిగింది. గొంతు మీద వేళ్ళ గుర్తులున్నాయి.

అప్పుడు బయటపడింది అల్లుడి చరిత్ర. జోనా అతనికి మూడో భార్య. మొదటామె క్రూరత్వం భరించలేక విడాకులు తీసుకుంది. రెండో ఆమె ఏడాది తిరక్కుండా ఏదో ప్రమాదంలో పోయింది. జైల్లో కూర్చుని, ఏడుగురు భార్యల్ని చేసుకోవాలని తన కోరిక అని తోటివాళ్ళతో గొప్పలు చెప్పుకున్నాడట! అది విన్నప్పుడు, ఏడడుగుల మాట మనకే కాదు, మరోలా అతనికీ ముఖ్యమే కాబోలు అనుకున్నాను.

ఆ జూన్‌లో విచారణ జరిగింది. ప్రాసిక్యూటరు తెలివైనవాడు, దయ్యం ఊసే ఎత్తలేదు. తల్లిని పిచ్చిదానిగా నిరూపిద్దామని ముద్దాయి తరఫు ప్లీడరే ఆ సంగతి లేవదీశాడు. అది కలేగదా అని ఎన్ని విధాల అడిగినా, కాదు, మెలకువగానే ఉన్నానని ఆవిడ ఒకే మాట మీద నిలబడింది. జ్యూరీవారు గంట పైచిలుకు ఆలోచించి నేరస్థుడని తేల్చారు. యావజ్జీవ శిక్ష పడింది. 1900లో అతను జైల్లోనే చచ్చాడు. దయ్యం సాక్ష్యంతో హంతకుడికి శిక్ష పడిన కేసని చెబుతూ ఆ దారిలో ప్రభుత్వంవారు ఒక ఫలకం కూడా పాతారు.

ఇంతటితో ఆగితే ఇది మంచి దయ్యం కథే. కాని దీనికో కొసమెరుపుంది. జోనా చావు వార్త వేసిన ఊరి పత్రిక అదే సంచికలో, 1897 జనవరి 28న, ఆస్ట్రేలియాకు చెందిన ఒక పాత దయ్యం ముచ్చట కూడా వేసింది. ఒక హతుడి దయ్యం చెరువుగట్టు కంచె మీద కూర్చుని కనిపించడం వల్ల శవం దొరికి, హంతకులు పట్టుబడ్డారు. చాలా ఏళ్ళకు ఒకడు చావబోతూ నిజం చెప్పాడు. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. హత్య తను కళ్ళారా చూశాడు. చెబితే చంపుతామని బెదిరించారు. అందుకని దయ్యాన్ని చూశానన్నాడు!

మేరీ జేన్ ఆ పత్రిక చదివిందో లేదో ఎవరు చెప్పగలరు? చదవకపోయినా, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి నిజంగానే బిడ్డ కనపడవచ్చు. కాని ఒకటి ఆలోచించండి. "నా అల్లుడి మీద నాకు అనుమానం" అని ఆవిడ అని ఉంటే, "అత్తకు అల్లుడంటే గిట్టదు" అని నవ్వి పంపేసేవాళ్ళు. "నా కూతురు వచ్చి చెప్పింది" అనేసరికి కనీసం కూర్చోమని కుర్చీ వేశారు. అమ్మ మాటకు లేని విలువ దయ్యం మాటకు వచ్చింది.

ఇంగ్లండులో ఇంతకంటే ముందే ఇలాంటిది జరిగింది. సఫక్ ప్రాంతంలో పోల్‌స్టెడ్ అనే పల్లె. 1827 మే నెలలో మరియా మార్టెన్ అనే అమ్మాయి, పెళ్ళి చేసుకుంటానన్న విలియం కోర్డర్‌తో వెళ్ళిపోయింది. ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చేవి. మరియా కులాసా, చేతికి దెబ్బ తగిలి తను రాయలేకపోతోంది, ఇలా ఏవో కారణాలు. దాదాపు ఏడాది గడిచాక సవతితల్లికి కలలు మొదలయ్యాయి. ఊళ్ళోని ఎర్రకొట్టంలో మరియాను చంపి పాతిపెట్టినట్టు కల. భార్య పోరు పడలేక తండ్రి వెళ్ళి తవ్వితే శవం దొరికింది. కోర్డర్‌ను 1828 ఆగస్టులో ఉరి తీశారు. సవతితల్లికి అంత ఖచ్చితంగా ఎలా తెలిసిందని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ చేతి దెబ్బ దగ్గరే మనసు ఆగిపోయింది. "అమ్మాయి కులాసా, పనుల్లో ఉండి రాయలేదు" అని అల్లుడు రాసిన కార్డు చదివి, మనలో ఎంతమంది తల్లులు ఆ రాత్రి నిద్రపోకుండా ఉండలేదు?

అయితే దయ్యాలు చెప్పినవన్నీ నమ్మెయ్యాలా అంటే, అమ్మో, అదీ ప్రమాదమే. అమెరికాలోనే, 1692లో సేలం పట్నంలో మంత్రగత్తెల విచారణలు జరిగాయి. అక్కడి కోర్టు, నీడలూ ఆత్మలూ కనపడి చెప్పాయన్న మాటల్ని సాక్ష్యంగా తీసుకుంది. జార్జ్ బరోస్ అనే మతబోధకుడికి ఇద్దరు భార్యలు అంతకు ముందే పోయారు. పన్నెండేళ్ళ ఆన్ పట్నం అనే పిల్ల, ఆ ఇద్దరూ శవవస్త్రాలతో కనపడి తమ భర్తే తమను చంపాడని చెప్పారంది. మేరీ జేన్ చెప్పిన కథలాంటిదే కదూ! కాని ఇక్కడ ఎవరూ సమాధి తవ్వలేదు. ఆగస్టు 19న ఆయన్ని ఉరితీశారు. ఆ గొడవలో మొత్తం 19 మందిని ఉరి తీస్తే, అందులో 14 మంది ఆడవాళ్ళే. పెద్దదయ్యాక, 1706లో, ఆన్ పట్నం చర్చిలో అందరి ముందూ క్షమాపణ కోరుకుంది. పోయినవాళ్ళు తిరిగి రారుగా.

ఈ రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచిందిది. దయ్యానికి తీర్పు చెప్పే హక్కు లేదు. పంచనామా అడిగే హక్కు మాత్రం ఉంది. సేలంలో దయ్యం తీర్పు చెప్పింది, నిర్దోషులు పోయారు. గ్రీన్‌బ్రయర్‌లో దయ్యం తలుపు తట్టి ఊరుకుంది. తక్కిన పని డాక్టరు కత్తి చేసింది.

మరి ఇప్పుడు మన సంగతేమిటి? మన దేశంలో వరకట్నం చావులు పేపర్ల నిండా వస్తున్న రోజుల్లో, 1983లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్‌ను సవరించారు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడమనిషి పోతే, ఆమె బంధువుల్లో ఎవరైనా సరే కోరితే, శవపరీక్షకు పంపాలన్న నియమం అందులో చేరింది. స్టవ్ పేలిందన్నా, బావిలో జారిందన్నా సరే. భార్యను హింసించడాన్ని ప్రత్యేక నేరం చేసిన 498-ఎ సెక్షన్ కూడా ఆ సంవత్సరమే వచ్చింది. వరకట్నపు చావును విడి నేరంగా 1986లో చేర్చారు. 2024 జూలై నుంచి చట్టాల పేర్లూ సెక్షన్ల నంబర్లూ మారాయి గాని, ఈ నియమం కొత్త చట్టంలో 194వ సెక్షన్‌లో అలాగే ఉంది.

నోరారా ఒక్క మాట, "మా అమ్మాయి శవాన్ని పరీక్ష చేయించండి." మేరీ జేన్ నాలుగు రాత్రులు దయ్యంతో గడిపి సంపాదించుకున్నది, మన తల్లులు పగటిపూట స్టేషనుకు వెళ్ళి అడగవచ్చు. అడిగేటప్పుడు నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ఒకటి ఉంటుంది. దహనానికి తొందరపెట్టే పెద్దమనుషులూ ఉంటారు. కట్టెల మీద కాలిపోయాక మనకు తవ్వి తీయడానికి సమాధి కూడా ఉండదు. అందుకే ఆ మాట ఆ పూటే అడగాలి.

మళ్ళీ మా అమ్మమ్మ బావి దగ్గరికి వస్తాను. పిల్లల్ని భయపెట్టి బావికి దూరంగా ఉంచడానికే ఆ కథలు చెప్పేదని చాలాకాలం అనుకున్నాను. అలాగైతే పాములున్నాయంటే చాలు గదా! అందులో ఆవిడ ఉందని ఎందుకనాలి? చెప్పకూడని సంగతిని, చెప్పకుండా ఉండలేక, ఇల్లు కూల్చకుండా ఎంతవరకు చెప్పవచ్చో అంతవరకు చెప్పిందేమో అనిపిస్తుంది ఇప్పుడు. మొగుడూ అత్తగారూ జారిపడిందన్నారు. ఊరి మగవాళ్ళు సరేనన్నారు. పెరటి ఆడవాళ్ళు మాత్రం ఆవిడ ఇంకా అక్కడే ఉందని, మూడు తరాలపాటు, తమ పిల్లలకు చెబుతూ వచ్చారు.

ఆ బావి ఎప్పుడో పూడ్చేశారు. ఇప్పుడక్కడ ఎవరో ఇల్లు కట్టుకున్నారు. అమ్మమ్మా పోయింది. మంచం మీద, తులసితీర్థం తాగి, హాయిగా పోయింది. దయ్యం కాలేదు. ఆవిణ్ణి నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుండిపోయింది. అన్నిసార్లు ఆ కథ చెప్పించుకున్నాను గాని, ఆ కోడలి పేరేమిటని అడగలేదు.