బహుపదుల కారణాంకాలు, గ్రాఫులు: చరిత్ర

ఒక బహుపదిని అంతకంటే చిన్న బహుపదుల లబ్ధంగా రాయడమే కారణాంక విభజన. ఆ లబ్ధం సున్నా కావాలంటే కారణాంకాల్లో కనీసం ఒకటి సున్నా కావాలి. గ్రాఫు అడ్డు అక్షాన్ని చేరేది సరిగ్గా అలా సున్నా చేసే విలువల దగ్గరే.

ఈ పద్ధతి పునాది సున్నాలో ఉంది. సున్నాతోనూ రుణసంఖ్యలతోనూ లెక్కలు చేసే నియమాలను బ్రహ్మగుప్తుడు 628లో 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం'లో చెప్పాడు. రుణసంఖ్యకు వర్గమూలం లేదని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గుర్తించాడు. ఆయన 'గణితసారసంగ్రహా'న్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

భాస్కరాచార్యుడి 'బీజగణితం'లోని (1150) కోతుల లెక్క దగ్గర కాసేపు ఆగాలి. మందలో ఐదో వంతు నుంచి మూడు తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేస్తే ఎన్నో అన్ని కోతులు గుహలోకి పోయాయి. ఒక్కటి కొమ్మ మీద కనిపిస్తోంది. మంద ఎంత? తెలియని రాశిని ఆనాటి అలవాటు ప్రకారం 'యా' అనుకుంటే, సమీకరణం యా² − 55యా + 250 = 0 అవుతుంది. భాస్కరుడు వర్గాన్ని పూర్తిచేసే పద్ధతిలో సాధించాడు. మనం (యా − 50)(యా − 5) = 0 అని రాస్తాం. గ్రాఫు గీస్తే పరావలయం అక్షాన్ని 5 దగ్గర, 50 దగ్గర ఖండిస్తుంది. సమీకరణానికి రెండూ సరిపోతాయి. కానీ 5లో ఐదో వంతు 1, అందులోంచి 3 పోతే −2. అలాంటి రుణరాశిని లోకం ఒప్పుకోదని భాస్కరుడు 50నే తీసుకున్నాడు. సమీకరణానికి సరిపోయే విలువలను, అంటే మూలాలను, కనుక్కోవడం ఒక పని, వాటిలో లెక్కకు తగినదాన్ని ఎంచడం మరో పని అని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

సమీకరణాన్ని కారణాంకాల గుణకారంతో నిర్మించి చూపిన పుస్తకం ఇంగ్లండుకు చెందిన థామస్ హారియట్‌ది. ఆయన పోయిన పదేళ్లకు, 1631లో అచ్చయింది. 1637లో డెకార్ట్ బీజగణితాన్ని వక్రరేఖలతో కలిపాడు. మూలం తెలిస్తే దానికి తగిన కారణాంకంతో బహుపది నిశ్శేషంగా భాగింపబడుతుందనీ చెప్పాడు. 1704లో న్యూటన్ ఘన వక్రాలను 72 రకాలుగా వర్గీకరించాడు. వాస్తవ గుణకాలున్న ప్రతి బహుపదినీ ఏకఘాత, వర్గ కారణాంకాలుగా విడగొట్టవచ్చని 1799లో గౌస్ తన సిద్ధాంత వ్యాసంలో వాదించాడు.

గ్రాఫు తీరునూ కారణాంకాలే చెబుతాయి. ఒకే ఏకఘాత కారణాంకం రెండుసార్లు వస్తే గ్రాఫు అక్షాన్ని దాటదు, తాకి వెనుదిరుగుతుంది. మూడుసార్లు వస్తే అక్కడ కాస్త చదునై దాటుతుంది.

కారణాంకాలకూ గ్రాఫులకూ ఉన్న ఈ సంబంధమే ఇప్పుడు, ఉదాహరణకు శ్రీకాకుళం జిల్లా కవిటిలో, పదో తరగతి పిల్లలకు 'బహుపదులు' పాఠం. దాన్ని అక్కడి ఉద్దానం ప్రాంతపు కొబ్బరితోటకే అన్వయించి చూడవచ్చు. 60 మీటర్ల కంచెతో దీర్ఘచతురస్రాకారపు మడిని చుట్టాలంటే, ఒక భుజం 'యా' అయితే రెండోది 30 − యా. వైశాల్యం యా(30 − యా). అది సున్నా అయ్యే విలువలు, అంటే శూన్యాలు, 0, 30; వాటి నడిమధ్య, యా = 15 దగ్గర, గ్రాఫు శిఖరం. అక్కడ వైశాల్యం 225 చదరపు మీటర్లు. విస్తరించి 30యా − యా² అని రాస్తే ఇదేదీ చూడగానే తట్టదు.