న్యాయగ్రంథాలయము - నాడు, నేడు

న్యాయస్థానమున వాదమునకు బలము గ్రంథము. తన పక్షమున న్యాయమున్నను, దానిని సమర్థించు పూర్వపు తీర్పు చూపలేనివాడు ఓడిపోవచ్చును. కావున తీర్పులను భద్రపరచి, వెదకి యిచ్చు గ్రంథాలయముల చరిత్ర న్యాయవాదులకే గాక మనవంటి ఉద్యోగులకును సంబంధించినదే.

మన దేశమున హైకోర్టుల తీర్పులను ప్రభుత్వమే ముద్రించు పద్ధతి 1875వ సంవత్సరపు లా రిపోర్టుల చట్టముతో స్థిరపడెను. మరుసటి ఏటినుండి కలకత్తా, మద్రాసు, బొంబాయి, అలహాబాదు సంపుటములు వెలువడెను. అధికారిక సంపుటములలో లేని నివేదికను వినవలసిన నిర్బంధము న్యాయస్థానములకు లేదని ఆ చట్టము పలికినది. అనగా "ఈ పాఠము ప్రామాణికమేనా?" అను ప్రశ్న నాడే పుట్టినది.

గ్రంథములు న్యాయస్థానములను వెన్నంటి నడచినవి. రాయపూర్ ప్రాంతపు వ్యాజ్యములకు ఒకప్పుడు నాగపురము పెద్దదిక్కు. అచ్చట 1936లో హైకోర్టు ఏర్పడెను. ప్రసిద్ధమైన ఆల్ ఇండియా రిపోర్టరు ఆ నగరమునందే వెలసినది. 1956లో ఈ ప్రాంతము జబల్పూరు హైకోర్టు పరిధిలోనికి, 2000లో బిలాసపూరు హైకోర్టు పరిధిలోనికి వచ్చెను. ఆంధ్రుల హైకోర్టు కథయు నిట్టిదే: మద్రాసు, 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు, 2019లో అమరావతి. గుఢియారీలో నివసించు తెలుగు కుటుంబమునకు ఇచ్చట ఉద్యోగ వివాదమును, స్వగ్రామమున భూవివాదమును ఉన్నచో, రెండు రాష్ట్రముల తీర్పులు కావలసివచ్చును. పూర్వము అవి ఒక్కచోట లభించుట దుర్లభము.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులు రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాల్గవది పాఠకుని కాలమును ఆదా చేయుమనునది. కంప్యూటరు ఆ సూత్రమును ఊహింపరాని మేరకు నెరవేర్చినది. 2008లో ఇండియన్ కానూన్ అను ఉచిత శోధనసాధనము వెలసెను. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు తన అధికారిక నివేదికలలోని సుమారు 34,000 తీర్పులను ఈ-ఎస్.సి.ఆర్. పేర ప్రజలకు ఉచితముగా అందించెను. తెలుగు అనువాదములును రాసాగెను.

అయినను దొరకిన తీర్పెల్ల నిలిచిన తీర్పు గాదు. పింఛను దయాదానము గాదు, హక్కు అని చాటిన 1982 డిసెంబరు 17వ తేదీ నకారా తీర్పును మనలో ఎరుగనివారు అరుదు. దానిని నమ్మి, ప్రావిడెంటు ఫండు పద్ధతిలో విరమించిన రైల్వే ఉద్యోగులు తమకును పింఛను కోరిరి. 1990లో కృష్ణకుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ తీర్పు వారికి వర్తింపదనెను. మొదటిదానిని మాత్రమే చదివినవానికి ఆశ మిగులును; రెండవదానిని గూడ చూపువాడే నిజమైన గ్రంథపాలకుడు.

ఇపుడు మరియొక అపాయము వచ్చినది. 2023లో న్యూయార్కు నగరమున ఒక వ్యాజ్యమున న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన, లేని తీర్పులను ఉదహరించిరి. న్యాయమూర్తి వారికి 5,000 డాలర్ల జరిమానా విధించెను. 1875నాటి ప్రశ్నయే మరల మన ముందు నిలిచినది.

కావున సోదరసోదరీమణులారా, క్రొత్త సాధనములను నిస్సంకోచముగా వాడుకొనుడు. కాని తీర్పు అధికారిక పాఠమును తెరచి చూడుడు. తరువాతి తీర్పులు దానినేమి చేసినవో విచారింపుడు. అర్జీపై సంతకము చేయుట అటుపిమ్మటనే.