ఊరవతలికి నెట్టేసిన చరిత్ర

పెంటకుప్ప నుంచి కంపోస్టు యార్డు దాకా... జగ్గయ్యపేట, నందిగామల పారిశుధ్య ప్రస్థానం

హైదరాబాద్ నుంచి బెజవాడ వచ్చే దారిలో తెలంగాణ సరిహద్దు దాటాక మొదట తగిలే పట్టణం జగ్గయ్యపేట. ఇంకాస్త తూర్పుకు వస్తే నందిగామ. ఒకటి పాలేటిని, మరొకటి మున్నేటిని నమ్ముకుని పెరిగిన ఊరు. 2022 ఏప్రిల్ 4న ఇవి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. పెద్దవాళ్ల మాటల్లో మాత్రం ఇప్పటికీ ఇది కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. ఈ ఊళ్ల జమీందార్ల గురించి, బౌద్ధ స్తూపం గురించి, పత్తి, మిర్చి గురించి చాలానే చెప్పుకుంటాం. పొద్దున్నే ఇల్లు ఊడ్చాక ఆ చెత్త ఎటు పోయింది, దొడ్డి వెనక మురుగును ఎవరు ఎత్తారు అన్న ప్రశ్నలకు మాత్రం చరిత్రలో చోటు దక్కలేదు.

ఆ ప్రశ్నలు పట్టుకుని వెనక్కి వెళితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ప్రతి తరం తన మురికిని తనకంటే కింద ఉన్న మనిషి మీదకో, ఊరి చివరి పోరంబోకులోకో, పక్కనున్న ఏటిలోకో నెట్టేసింది. చట్టాలు మారాయి, బండ్లు మారాయి, పన్నులు వచ్చాయి, పోయాయి. ఈ నెట్టేసే అలవాటు మాత్రం పోలేదు.

పాటిమన్ను విలువ

జగ్గయ్యపేట ఒకప్పటి బేతవోలు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టి దీన్ని వర్తకుల పేటగా నిలబెట్టాడు. పడమటి వైపు నైజాం రాజ్యం, తూర్పున ఈస్టిండియా కంపెనీ సీమ. రెండు సీమల మధ్య సరుకు మారే చోటు కాబట్టి ఎడ్లబండ్లు, దూడలు, బాటసారులతో ఊరు కిటకిటలాడేది.

1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్గెస్ ఇక్కడి ధనబోడు మీద తవ్వకాలు జరిపి బౌద్ధ స్తూపాన్ని వెలికితీశాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే పనివాడు ఐదు ఆయక స్తంభాలు నిలిపాడని అక్కడి ప్రాకృత శాసనం చెబుతుంది. రాయి చెక్కిన మనిషి పేరు పదిహేడు వందల ఏళ్లు నిలిచింది. అదే ప్రాంగణాన్ని రోజూ ఊడ్చిన మనిషి పేరు ఎక్కడా లేదు.

ఇలాంటి పాత దిబ్బలతో కోస్తా రైతుకు ఇంకో అనుబంధం ఉంది. మనుషులు తరతరాలు కాపురమున్న చోట బూడిద, పేడ, ఎముకలు, తిండి వ్యర్థం కలిసిపోయి మన్ను సారవంతమవుతుంది. దాన్నే పాటిమన్ను అంటారు. ఎండాకాలంలో బండ్లు కట్టి ఆ మన్ను తవ్వి పొలాలకు తోలేవారు. దానివల్ల చరిత్ర ఆనవాళ్లెన్నో చెదిరిపోయిన మాట నిజమే. అయినా అందులో ఒక పెద్ద సత్యముంది. పాత ఊరి చెత్త కోసం రైతు ఎదురుచూసేవాడు. అది బరువు కాదు, పంటకు బలం.

ఇంటి లెక్క వేరు

అప్పటి ఇంట్లో దేని దారి దానికి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోయి గేదె పాలకు పనికొచ్చేవి. పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి. చిరిగిన చీరలు బొంతకు. పేడ పిడకలకు, మిగిలింది పెంటకుప్పకు. ఆ పెంట ఏడాది మాగి తొలకరికి చేలోకి చేరేది. పాత ఇనుము, సీసాలు, కాగితాలు కొనేవాళ్లు వీధుల్లో కేకవేస్తూ తిరిగేవారు. పాత బట్టలు వేస్తే స్టీలు గిన్నె చేతికొచ్చేది. గొర్రెల మందను రాత్రిపూట పొలంలో కట్టించుకుని రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చేవాడు. రీసైక్లింగ్ అనే మాట వినకముందే ఆ పని నడిచిపోయేది.

అంతమాత్రాన అదంతా స్వర్ణయుగమని మురిసిపోతే అబద్ధమాడినట్టే. మనిషి మలం సంగతి వచ్చేసరికి ఆ వ్యవస్థ క్రూరంగా ఉండేది. పల్లెల్లో ఊరి బయలుకు పోయేవారు. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న కోస్తా పట్టణాల్లో దొడ్డివైపు పాకీదొడ్లు కట్టుకున్నారు. వాటి వెనక సందులోంచి వచ్చి, రేకుతో ఎత్తి, తట్టలోకి వేసుకుని, నెత్తిన మోసుకుపోయే పని కొన్ని దళిత కులాల మీద పడింది. అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ల మీద. ఇంటి ముందు గుమ్మం వాళ్లకు లేదు. ఇల్లు శుభ్రమైంది, ఆ మనిషిని అంటరానిదన్నారు. మన పట్టణాల శుభ్రతకు పునాది ఈ అన్యాయమే.

దాన్ని కూల్చడానికి పూనుకున్నవారిలో ముందు చెప్పాల్సిన పేరు బెజవాడ విల్సన్. కోలార్ బంగారు గనుల పట్టణంలో, ఇదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టారు. ఐఏఎస్ అధికారిగా పేదల పక్షాన నిలబడిన ఎస్.ఆర్. శంకరన్ ఆయనకు తోడు నిలిచారు. వాళ్లు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఊరూరా పాకీదొడ్ల లెక్క తీసి, ఫొటోలతో సహా 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పటికే 1993 నుంచి ఈ పనిని నిషేధించే చట్టముంది. అమలు చేసేవాళ్లే లేరు. 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. 2014 మార్చి 27న ఆ కేసులో తీర్పు వచ్చింది. విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది.

కలరా తెచ్చిన చట్టాలు

ఊరి శుభ్రత సర్కారు బాధ్యత అన్న ఆలోచన మనకు కలరా భయంతో వచ్చింది. భారతదేశంలో సైన్యం ఆరోగ్యంపై వేసిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చాక మద్రాసులో శానిటరీ కమిషన్ ఏర్పడింది. 1865లో మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం, దాని వెంట 1866లో మచిలీపట్నం మున్సిపాలిటీ వచ్చాయి. బెజవాడకు ఆ హోదా 1888లో దక్కింది. మున్సిపాలిటీ కాని పెద్ద ఊళ్ల కోసం 1884 స్థానిక బోర్డుల చట్టం ‘యూనియన్’ పంచాయతీలను తెచ్చింది. ఇంటిపన్ను వసూలు చేసి వీధులు ఊడ్పించడం, దీపాలు పెట్టించడం, కాలువలు తీయించడం వాటి పని.

పన్ను తక్కువ, పని ఎక్కువ అన్న గొడవ ఆనాడే మొదలైంది. దొరల బంగళాలు, కచేరీల చుట్టూ రోడ్లు నీట్‌గా ఉండేవి. పేటల్లోకి చీపురు చేరేది కాదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం 1965లో వచ్చింది. జగ్గయ్యపేట మున్సిపాలిటీ అయింది. నందిగామ తర్వాత నగర పంచాయతీ అయింది. ఊళ్లు పెరిగినంత వేగంగా ఖజానా పెరగలేదు. అయితే డబ్బు లేదన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు అది. మురుగు కాలువ కట్టడం మున్సిపాలిటీ దయ కాదు, తప్పించుకోలేని విధి అని ఆ తీర్పు సారాంశం.

తెగిన బంధం

పట్టణపు చెత్తను పొలానికి తిరిగి పంపే దారి మధ్యలో ఒకసారి దొరికింది కూడా. 1939లో సి.ఎన్. ఆచార్య బెంగళూరులో ఒక కంపోస్టు పద్ధతిని రూపొందించారు. గుంతలో ఒక వరుస చెత్త, ఒక వరుస మలం వేసి, పైన మట్టితో మెత్తి మూసేస్తే ఆరు నుంచి ఎనిమిది నెలల్లో ఎరువు తయారవుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తిండిగింజలకు కటకట వచ్చినప్పుడు సర్కారు దీన్ని పట్టణాల్లో ప్రోత్సహించింది. మున్సిపాలిటీ కంపోస్టు గుంత అన్న మాట అప్పటిదే.

ఆ బంధం రెండువైపులా తెగింది. యూరియా బస్తా వచ్చాక రైతుకు పెంటబండి తోలే ఓపిక పోయింది. ఊరి చెత్తలోకి పాలిథిన్ కవర్లు, గాజుపెంకులు, బ్యాటరీలు చేరాక ఆ ఎరువు చేలో వేయడానికి రైతు భయపడ్డాడు. పట్టణ ఇళ్లలో గేదె లేదు, కుడితి తొట్టి లేదు. తొక్కలన్నీ కవర్‌లో మూటగట్టి కాలువలోకి విసిరేయడం మొదలైంది. ఒకప్పటి పెంటకుప్ప డంపింగ్ యార్డు అయింది. దానికి అంటుకున్న మంట, పొగ పక్కనున్న పేదల ఇళ్ల మీదికి పోయాయి.

చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 200 నుంచి 300 గ్రాముల చెత్త వస్తుందని లెక్క. 50 వేల జనాభా ఉన్న ఊళ్లో అది రోజుకు 10 నుంచి 15 టన్నులు. అందులో సగానికి అటూఇటూ తడి చెత్తే. అంటే విడిగా ఇస్తే సగం బరువు మళ్లీ మట్టిలో కలిసిపోతుంది. కలిపి ఇస్తే మొత్తం గుట్టగా మిగిలిపోతుంది. అన్ని నిబంధనల ప్రాణం ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

పొరుగునే ఉన్న పాఠం

ఇది జరగని పని కాదని అదే హైదరాబాద్ రహదారి మీదున్న సూర్యాపేట చూపించింది. 2003 ప్రాంతంలో అప్పటి కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ వీధి కుండీలు తీయించి, ఇంటింటికీ బండి పంపి, తడి పొడి విడదీయించారు. తడి చెత్త వానపాముల ఎరువైంది, పొడి చెత్త అమ్ముడైంది. దేశం నలుమూలల నుంచి ఆ ఊరి గురించి తెలుసుకోవడానికి వచ్చారు. కొత్త యంత్రాలేవీ అక్కర్లేకపోయాయి. రోజూ వెంటపడి చూసుకునే పట్టుదల చాలింది.

చట్టం కూడా అదే చెప్పింది. పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన కేసు ఫలితంగా 2000లో మున్సిపల్ ఘన వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. 2016 నిబంధనలు తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్త అని మూడుగా విడదీయడం ప్రతి ఇంటి బాధ్యత చేశాయి. 2021 అక్టోబరు 2న విజయవాడలో ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కింద 4,097 చెత్త వాహనాలకు జెండా ఊపారు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇంటింటికీ చేరాయి. వాటి వెంటే నెలవారీ రుసుమూ వచ్చింది. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు.

పన్ను ఉండాలా వద్దా అన్న వాదనలో అసలు మనిషి మరుగున పడ్డాడు. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతటా మున్సిపల్ పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగితే, నాలుగు రోజులకే వీధులు కుళ్లు వాసన కొట్టాయి. వాళ్ల విలువ తెలియడానికి వాళ్లు పని ఆపాల్సి రావడం మనందరికీ సిగ్గుచేటు. కలిపి పారేసిన చెత్తలో సూది, గాజుపెంకు, వాడిన ప్యాడ్ ఎవరి చేతికి తగులుతాయో తెలిసి కూడా విడదీయని ఇల్లు, పాత పాకీదొడ్డి నీతినే కొనసాగిస్తోంది.

మున్నేటికి చేరే మురుగు

చెత్త కంటికి కనిపిస్తుంది. మురుగు అలా కాదు. మన చిన్న పట్టణాల్లో భూగర్భ డ్రైనేజీ అరుదు. మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకుకు, వంటింటి నీళ్లు సైడు కాలువకు పోతాయి. మెట్టలోని నల్లరేగడి నేల తడిస్తే మూసుకుపోయి నీటిని త్వరగా పీల్చుకోదు. ఇంకుడు గుంత అక్కడ సరిగా పనిచేయదు. దాంతో ట్యాంకు పొంగిన నీళ్లూ కాలువలోకే వస్తాయి. కాలువలో కవర్లు అడ్డం పడితే మురుగు వీధిలోకి వస్తుంది. 2023 జులై చివర్లో, మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగింది. అలాంటి వానల్లో పూడిక తీయని కాలువ పక్కనున్న ఇంట్లోకి ముందు వచ్చేది మురుగే.

కాలువకు కూడా ఒక చివర ఉంటుంది. పాలేరు, మున్నేరు రెండూ ప్రకాశం బ్యారేజీకి ఎగువనే కృష్ణలో కలుస్తాయి. విజయవాడ కొళాయిలకు వెళ్లేది ఆ కృష్ణ నీళ్లే. ఇక్కడ నెట్టేసింది అక్కడ గ్లాసులోకి వస్తుంది. అందుకే సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి లారీతో తీయించాలి. తీసిన మడ్డిని ఏ వాగులోనో గుమ్మరించకుండా శుద్ధి కేంద్రానికి చేర్చాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం నేరం. యంత్రంతో తీయించడానికి 14420 సహాయ నంబరు ఉంది. లోపలి విషవాయువులకు ప్రాణం పోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. పరిహారం పెరగడం కాదు, అది చెల్లించాల్సిన అవసరమే రాకపోవడం మనకు కావాలి.

ఇప్పుడేం చేయాలి

ఈ ప్రాంతానికి ఒక అరుదైన వీలుంది. కింద సున్నపురాయి ఉంది కాబట్టే జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. సిమెంటు బట్టీలో ముడిసరుకు దాదాపు 1,450 డిగ్రీల దాకా కాలుతుంది. మళ్లీ వాడలేని పొడి చెత్తను ఇంధనంగా మార్చి అక్కడ కాల్చవచ్చు. చెత్త నుంచి ఇంధనం చేసే కేంద్రానికి 100 కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్ని వాడాలని 2016 నిబంధనలు చెప్పాయి. పొగ మీద గట్టి నిఘా ఉండాలన్నది విడదీయరాని షరతు. అయితే తడిసిన చెత్త మండదు. బట్టీ దాకా వెళ్లే దారి కూడా మన వంటింట్లో రెండు బుట్టల దగ్గరే మొదలవుతుంది.

చేయాల్సిన పనులు పెద్దవేం కావు. ఇంట్లో తడి, పొడి విడిగా ఇవ్వాలి. విడిగా ఇచ్చిన దాన్ని బండిలో మళ్లీ కలపకుండా మున్సిపాలిటీ చూడాలి. ఎంత చెత్త వచ్చింది, ఎంత ఎరువైంది అన్న లెక్క వార్డు కార్యాలయం గోడ మీద నెలనెలా రాయాలి. వానాకాలానికి ముందే కాలువల పూడిక తీయాలి. కార్మికుడికి గ్లౌజులు, బూట్లు, నెల తిరగ్గానే జీతం అందాలి. కొత్త యార్డుకు జాగా వెతికేటప్పుడు పేదల కాలనీ పక్కన కాకుండా ఎంచాలి.

రెండు శతాబ్దాలుగా ఈ ఊళ్లు తమ మురికిని ఇంకొకరి నెత్తిన పెట్టి శుభ్రంగా కనిపించాయి. తన చెత్తకు తానే బాధ్యత వహించే ఇల్లు ఒక్కొక్కటిగా పెరిగితే ఆ అప్పు తీరడం మొదలవుతుంది. అందుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. రేపు పొద్దున్నే బండి గంట వినబడేసరికి రెండు బుట్టలు సిద్ధంగా ఉంటే చాలు.