కుంభకారకులము

మహాభాష్యకారుడు పస్పశాహ్నికమున శబ్దవిచారము చేయుచు నొక లోకదృష్టాంతమును జూపినాడు. కుండతో పనిగలవాడు కుమ్మరియింటికి బోయి కుండ చేసి యిమ్మని యడుగును. శబ్దములతో పనిగలవాడు వైయాకరణుని యింటికి బోయి శబ్దములు చేసి యిమ్మని యడుగడు. దృష్టాంతతాత్పర్యమిది. పాఠశాలలలో దీనిని బోధించునపుడు మన దృష్టి యంతయు నుత్తరభాగము మీదనే నిలుచును. శబ్దము నిత్యమా, కార్యమా యను చర్చలో బడి పూర్వభాగమును విడిచిపెట్టుదుము. కాని యా పూర్వభాగమున నొక చిన్న చరిత్రాంశము దాగియున్నది. కుండ కావలసినవాడు అంగడికి బోలేదు. చేయువాని యింటికే బోయినాడు. భాష్యకారుడచట వాడిన మాట ‘కుంభకారకులము’.

ఈ కులశబ్దమునకు నేటి తెలుగువాడు జాతి యని యర్థము చెప్పుట సహజము. కాని యిచట నది గురుకులశబ్దమునందువలె గృహవాచకము. పని జరుగు చోటు, పని నేర్పు చోటు, అడిగినవానికి వాకిలి తెరచు చోటు అని భావము. ఒకే శబ్దమునకు గల యీ రెండర్థములలో దేనిని జనులు గ్రహించిరో దానినిబట్టి యొక శిల్పము బ్రదుకుటయు నశించుటయు జరుగునని నా తలంపు. ఇందులకు జయపుర నగరమందలి నీలభాండముల చరిత్రమును నిదర్శనముగా జూపెదను.

మొదట పేరును విచారింతము. కర్మ ఉపపదముగా నున్నపుడు ధాతువుపై అణ్ప్రత్యయము వచ్చునని పాణిని విధించెను. ఆ విధికి కుంభకారశబ్దమే ప్రసిద్ధోదాహరణము. యోగార్థమునుబట్టి కుంభమును జేయువాడెల్ల కుంభకారుడే. రూఢినిబట్టి యది యొక జాతికి పేరైనది. కులాలుడు చేసిన వస్తువునకు ‘కౌలాలకము’ అను రూపమును గూడ పాణిని వేరుగా సాధించెను. ప్రాకృతమున కుంభార, హిందీలో కుమ్హార్, తెలుగున కుమ్మరి యనునవి యీ మాట నడచివచ్చిన మెట్లు. ఊళ్ల పేరులలోను నిది నిలిచియున్నది. కలకత్తాలో కుమార్‌టులి, హైదరాబాదులో కుమ్మరివాడి, బొంబాయిలో కుంభార్‌వాడ కలవు. అయితే పేరును నమ్మి పోయినవానికి పని కనబడునని నిశ్చయము లేదు. దక్షిణ బొంబాయిలోని పాత కుంభార్‌వాడకు పేరు మాత్రమే మిగిలినది. కుమ్మరులు 20వ శతాబ్ది పూర్వార్ధముననే ధారావికి దరలిరి. యోగము పోయినను రూఢి నిలుచుట కిది చక్కని లౌకికోదాహరణము.

ఇక జయపురము. 1727లో సవాయి జయసింహుడు నిర్మించిన యీ నగరమున నీలభాండశిల్పము మొదటినుండి యున్నది కాదు. దాని పూర్వచరిత్ర పారసీకదేశమునకు బోవును. చీనాదేశపు శ్వేతభాండములవంటివానిని జేయబూని, అందుకు దగిన మన్ను దొరకక, అచ్చటి పనివారు రాతిపొడిని గాజుపొడితో మేళవించి భాండములు చేసిరి. 12వ శతాబ్ది నాటికే యీ పద్ధతి యచట బాగుగా నెలకొన్నది. మన దేశమున నీ నీలవర్ణలేపము పాత్రలకంటె ముందు కట్టడములపై బలకలుగా బ్రసిద్ధికెక్కెను. ఆగ్రాలో షాజహాను మంత్రియైన అఫ్జల్‌ఖాను సమాధికి ‘చీనీ కా రౌజా’ యను పేరు రంగుపలకల మూలముననే వచ్చినది. ఆ మంత్రి 1639లో మృతినొందెను.

జయపురమున దీనిని నెలకొల్పినవాడు 1835 మొదలు 1880 వఱకు రాజ్యము చేసిన రెండవ సవాయి రామసింహుడు. చూరామణి, కాలూరాము అను నిద్దరిని ఢిల్లీలో భోలా యను పనివానియొద్దకు బంపి, యా విద్యను నేర్పించి తెప్పించెనని ప్రసిద్ధి. దీనికొక జనశ్రుతి కూడ గలదు. గాలిపటముల పందెములో నిద్దరు సోదరులు రాజుగారి పక్షపు పటములను వరుసగా దెగగొట్టిరట. విచారింపగా, తాము కుండలకు బూయు గాజుపొడినే దారమునకును బూసితిమని చెప్పిరట. కథ యెట్లున్నను సారమొకటే: రాజు పాత్రలను గొనితెప్పించి తృప్తిపడలేదు, మనుష్యులను పనివాని యింటికి బంపెను. వస్తువు వచ్చినచో నొక తరము వాడుకొనును. విద్య వచ్చినచో నగరమునకే పేరు వచ్చును. రామసింహుడు స్థాపించిన శిల్పవిద్యాలయమున నీ పని బోధింపబడెను. 1887లో తెరువబడిన ఆల్బర్టు హాలు ప్రదర్శనశాలలో జయపుర భాండములు దేశదేశముల భాండములతో సరసన నిలిచినవి.

ఈ భాండములను మృణ్మయములనుటకు వైయాకరణుడు జంకవలెను. వికారార్థమున మయట్ప్రత్యయము రావలెనన్నచో బ్రకృతి మన్ను కావలెను గదా! ఇందు ప్రధానద్రవ్యము క్వార్ట్జు అను తెల్లని రాతిపొడి. దానికి గాజుపొడి, బంక, క్షారము, కొలదిగా ముల్తానీమట్టి చేర్చి నీటితో ముద్ద చేయుదురు. ఈ ముద్దకు బంకమన్నువలె సాగు గుణము లేదు. కావున సారెపై నెత్తుటకు వీలుగాదు. రొట్టెవలె జదునుచేసి, అచ్చులో బఱచి, రూపము చెడకుండ లోపల బూడిద నింపి, ఆరినపిదప నచ్చునుండి తీయుదురు. మెడ, అంచు, అడుగు మొదలగు భాగములను సారెపై దిద్ది యతికింతురు. నునుపుచేసి, తెల్లని పూత పూసి, దానిపై చిత్రము వ్రాయుదురు. నీలిరంగు కోబాల్టు భస్మమువలనను, ఆకుపచ్చ నీలము రాగి భస్మమువలనను వచ్చును. పైన గాజు, వెలిగారము మొదలగువాని లేపమునద్ది, యావములో నొక్కసారియే కాల్చుదురు. వేడి సుమారు 800 నుండి 850 డిగ్రీలు. కాలుటకు గంటలు చాలును గాని చల్లారుటకు దినములు కావలెను. త్వరపడి తెరచినచో బగుళ్లు పుట్టును. ద్రవ్యముల పేరులు గ్రంథములో వ్రాయవచ్చును. ముద్ద యెప్పుడు పదనుకు వచ్చినదో వ్రేళ్లకే తెలియును. ఆ వ్రేళ్లు గలవాని యింటికి బోక యీ విద్య రాదు.

అట్లు పోవువారు తగ్గిననాడేమగునో జయపురమే చూపినది. 20వ శతాబ్ది మధ్యమునకు రాజాదరము సన్నగిల్లి, 1949లో సంస్థానము రాజస్థానమున గలిసిపోవునాటికి పని తెలిసినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది యైరి. శిల్పము దాదాపుగా నంతరించినది. మరల దానిని నిలిపినవాడు కృపాలసింహ శేఖావత్. ఈయన 1922లో జన్మించెను. శాంతినికేతనమున జిత్రకళ నభ్యసించి, జపానునందును విద్య నేర్చెను. భారతరాజ్యాంగపు మూలప్రతిని జిత్రములతో నలంకరించినవారిలో నొకడు. కమలాదేవీ చట్టోపాధ్యాయ ప్రోత్సాహమున నీయన నీలభాండములను జేపట్టి, శిల్పమందిరమున బెక్కుర శిష్యులను దయారుచేసెను. 1974లో పద్మశ్రీ బిరుదమును బడసి, 2008లో గీర్తిశేషుడయ్యెను. తన శిల్పశాలకు ‘కృపాల్ కుంభ్’ అని పేరిడుట వైయాకరణులు గమనింపదగినది.

ఇచట నొక పూర్వపక్షము బయలుదేరును. చిత్రకారుడు, అందును కుమ్మరియింట బుట్టనివాడు, కుంభకారుడెట్లగును? పరుల సొత్తును గ్రహించుట కాదా? అందులకు సమాధానము. యోగార్థము నెవ్వరును నిషేధింపలేరు. ఢిల్లీలో గురుచరణసింహుడును (1898–1995) భూగర్భశాస్త్రము చదివినవాడే; పనివారియొద్ద శిష్యుడై, జపానునకు బోయి, 1952లో ఢిల్లీ బ్లూ పాటరీని స్థాపించెను. కుమ్మరియింటి బిడ్డగా బ్రసిద్ధురాలైన మొల్ల రామాయణము రచింపగా, తెలుగువారు కవిశబ్దమును గృతినిబట్టియే యామెకిచ్చిరి గదా! అదే న్యాయము కుంభకారశబ్దమునకును జెల్లును.

అయినను పూర్వపక్షమున గొంత సత్యము లేకపోలేదు. నేర్పించిన రాజు పేరు, ఉద్ధరించిన చిత్రకారుని పేరు, బిరుదము వచ్చిన సంవత్సరము మనకు దెలియును. ఢిల్లీలోని భోలాను గూర్చి పేరుతప్ప మఱేమి చెప్పగలము? వాకిలి తెరచి విద్యనిచ్చినవాని చరిత్ర యొక్క మాటలో ముగిసినది. మట్టికుండలు, ప్రమిదలు చేయు సామాన్య కుమ్మరికి ఆ యొక్క మాటయు దక్కదు. ఇది మనవంటి వ్రాతగాండ్ర ఋణము.

కావున నగరములకు బోవు పండితులకొక విన్నపము. దేవాలయమును, గ్రంథాలయమును జూచినట్లే కుమ్మరియింటిని గూడ జూడుడు. అంగడిలో వెల తెలియును గాని పని తెలియదు. కుండల బజారులో నమ్మువానిని ‘ఇవి యెవరు చేసిరి, ఎచట గాల్చిరి?’ యని యడిగినచో దారి దొరకును. పోయినచోట వగిలిన పెంకును జేతబట్టి చూడుడు: ఎఱ్ఱగా నున్నచో మన్ను, తెల్లగా గరుకుగా నున్నచో రాతిముద్ద. అన్నపానములకు వాడదలచినచో లేపమున సీసము చేరినదేమో యడిగి కొనుడు. పూర్వపద్ధతిలో నది చేరుట కలదు. సారె, ఆవము, పదను, పూత మొదలగు పనిమాటలను వారి నోట వినినవి వినినట్లు వ్రాసికొనుడు. నిఘంటువులలో బర్యాయపదములు గలవు గాని పనిమాటలు కొఱతగానే యున్నవి. శబ్దములకై వైయాకరణుని యింటికి నెవ్వరును బోనక్కఱలేదని భాష్యకారుడు చెప్పినాడు. నిజమే, కాని యీ శబ్దములు కావలసిన వైయాకరణుడు మాత్రము కుమ్మరియింటికి బోయి తీరవలెను.