సోనారి పిల్లలు, పోరు బొంగరములు

సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియు చోటును జంషెడ్‌పూరు వాసులు దోముహాని యందురు. ఆ సంగమము సోనారి పేటకు చేర్చియే యున్నది. 1907లో సాక్చీ గ్రామమును ఉక్కు కర్మాగారమునకు తగిన స్థలముగా నిర్ణయించిన పిమ్మట, 1912 ఫిబ్రవరి 16వ తేదీన అచ్చట తొలి ఉక్కు దిమ్మె పోతపోయబడెను. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టిరి. కాలిమాటి రైలు స్టేషను టాటానగరమైనది. పని వెదకికొనుచు పంజాబు నుండియు, బీహారు నుండియు, బెంగాలు నుండియు, ఒడిశా నుండియు జనులు వచ్చిరి. బెంగాల్ నాగపూర్ రైలు మార్గము పట్టుకొని శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి తెలుగువారును వచ్చి నిలిచిరి. బిష్టుపూరులోని రామమందిరము వారి ఉనికికి నేటికిని గుర్తుగా నున్నది.

వలస వచ్చినవాడు తెచ్చుకొను సామానులో బొంగరము చేరునో లేదో నేను చెప్పజాలను. కాని మాట మాత్రము తప్పక చేరును. ఇంటిలో తెలుగు బాలునకు అది బొంగరము. వీథిలోనికి పోగానే అదియే లట్టూ. రెండు పేర్లకును వస్తువు ఒక్కటే: చెక్కను తరిణె పట్టి, అడుగున ఇనుప మేకు దిగగొట్టి, త్రాడు చుట్టి విసరెడిది. ఈ శతాబ్దారంభమున మూడవ పేరు వచ్చినది. అది బేబ్లేడ్. ఈసారి పేరుతోపాటు వస్తువును మారినది.

ఈ క్రొత్త బొంగరపు వంశము జపానుది. అచ్చటి పిల్లలు పూర్వము ఒక జాతి సముద్రపు శంఖములలో ఇసుకయో మట్టియో కూరి, మైనముతో మూసి త్రిప్పెడివారు. ఆ శంఖము పేరు బై. ఆట పేరు బైగోమా. టోక్యో ప్రాంతపు నోళ్లలో అది బేగోమా యయ్యెను. ఇరువదవ శతాబ్దపు తొలి పాదమున శంఖమునకు బదులు పోత యినుము వచ్చినది. టోక్యోకు ఉత్తరముననున్న కవాగుచి పోత కొలుముల ఊరు. ఆ యినుప బేగోమాలు అచ్చటనే విరివిగా తయారైనవి. తొట్టిపైన దళసరి గుడ్డ కప్పి, నడుమ కొంచెము పల్లముగా వదలి, దానిపై ఇద్దరును ఒకేసారి విసరుదురు. పల్లము రెంటిని దగ్గరకు లాగును. బయటకు ఎగిరిపడినది ఓడినట్లు. గెలిచినవాడు దానిని జేబులో వేసికొనును. ఇది జూదమని బడులలో నిషేధించుటయు కలదు. టకారా సంస్థ 1999లో ఈ ఆటకే ప్లాస్టిక్కును, లోహపు వలయమును తొడిగి బేబ్లేడని అమ్మకమునకు పెట్టెను. తకావో అఓకి చిత్రకథయు ఆ సంవత్సరమే ఆరంభమైనది. 2001లో టెలివిజను ధారావాహిక వచ్చెను. కొలది యేండ్లకు అది మన దేశపు తెరలమీదికిని చేరినది. గుడ్డ కప్పిన తొట్టి ఇప్పుడు ప్లాస్టిక్ పళ్లెమైనది. పల్లము పని మాత్రము మారలేదు.

బొంగరముల పోరు మనకు పరాయి వస్తువు కాదని చెప్పుటకు తెలుగువానికి పల్నాటి కథ చాలును. నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయునికిని నడచిన వైరము పండ్రెండవ శతాబ్దపు ముచ్చట. శ్రీనాథునిదని ప్రసిద్ధమైన ఆ కావ్యమును 1911లో అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించెను. అందు బాలచంద్రుడు ఇంకను పసితనము వదలనివాడు. పెద్దలందరు కారెంపూడి రణభూమికి పోగా తోడివారితో బొంగరములాడుచుండును. బొంగరము గురి తప్పి ఒక కోమటి స్త్రీ పాదమునకు తగులును. ఆమె నెత్తురు చూచుకొని, ఈ పౌరుషము తన కాలిమీద గాక యుద్ధమున చూపరాదా యని ఎత్తిపొడుచును. బాలుడు బొంగరము వదలి కత్తి పట్టును, తిరిగి రాడు. బొమ్మ పోరాటములు పిల్లలను క్రూరులను చేయునని నేడు వాదించువారు ఈ ఘట్టమును శ్రద్ధగా చదువవలెను. అచ్చట బాలుని యుద్ధమునకు తోలినది బొంగరము కాదు, పెద్దల పగ. ఆటలో నున్నంత కాలము వాడు బ్రతికియే యున్నాడు.

రెండు ఆటలకును తేడా హింసలో లేదు, నష్టములో నున్నది. చెక్క బొంగరముల ఆటలో నేలమీద గిరి గీసి, ఓడినవాని బొంగరమును నడుమ పెట్టి, తక్కినవారు మేకుతో పొడుతురు. గంట్లు పడును, ఒక్కొక్కప్పుడు చెక్క నిలువున చీలును. ఆ చీలిన బొంగరము మరల అతుకదు. 2015లో వచ్చిన బేబ్లేడ్ బర్స్ట్ అను రకములో దెబ్బ తిన్న బొమ్మ తునకలుగా విడిపోవును. బిడ్డ వానిని ఏరి, క్షణములో అమర్చి, మరల నిలబెట్టును. కన్నీళ్లు తగ్గినవి, సందేహము లేదు. కాని నష్టపోవునది ఇప్పుడు తండ్రి జేబు; ఏలయన గెలుపునకు ఉపాయము చేతిలో కన్న దుకాణములో ఎక్కువగా నున్నది. మొన సన్నగా నున్నది ఒక్క చోట నిలిచి చాల సేపు తిరుగును. మొన వెడల్పైనది పళ్లెమంతయు పరుగెత్తి ఎదుటిదానిని కొట్టును, త్వరగా అలసిపోవును. బరువు అంచున నున్నచో భ్రమణము నిలుచును. ఈ సూక్ష్మములన్నియు చెక్క బొంగరమునకును వర్తించును. అయితే ఆనాటి బాలుడు మేకును రాతిమీద అరగదీసి తెలిసికొన్నదానిని, నేటివాడు వేరొక భాగము కొనిపించుకొని తెలిసికొనుచున్నాడు.

ఒక మేలు మాత్రము ఒప్పుకొనవలెను. త్రాడు బిగువుగా చుట్టి, మణికట్టు విదిలించి విసరుట ఏడెనిమిదేండ్లు రానిదే అలవడదు. అంతవరకు చిన్నవాడు అన్న బొంగరము పరుగెత్తినప్పుడు తెచ్చియిచ్చు నౌకరు. పండ్ల పట్టీని లాగిన చాలు, బేబ్లేడు తిరుగును; నాలుగైదేండ్లవాడును పోటీదారుడగును. తయారుచేయువారు ఎనిమిదేండ్లు నిండినవారికేయని పెట్టెమీద వ్రాసినను చెల్లెండ్రు, తమ్ములు ఆ వ్రాత చదువలేరు గదా. సోనారి వరండాలలో మూడు, రెండు, ఒకటి యని లెక్కించు కంఠములలో ఇట్టివారివియే హెచ్చు. వారి ముఖములు పళ్లెముపైకి వంగకుండ చూచుట పెద్దల పని.

ఆ పిల్లల పూర్వులు విడిచివచ్చిన విశాఖ సీమలోనే, వరాహ నది యొడ్డున ఏటికొప్పాక యున్నది. అచ్చటి పనివారు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క పూసి, నునుపైన బొంగరములు చేయుదురు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2021 జనవరి 1 మొదలు ప్రమాణముద్ర లేని బొమ్మలను మన దేశమున అమ్మరాదన్న నిబంధన వచ్చినప్పుడు, భౌగోళిక గుర్తింపు గల ఇట్టి చేతిపనులకు మినహాయింపు నిచ్చిరి. అవి వ్రేళ్లతో త్రిప్పుకొను బొమ్మలు. మేకు లేదు, పోరునకు పనికిరావు. పోరునకు పనికివచ్చు బొంగరములోని లోహమో, జంషెడ్‌పూరు ఉక్కు కాదు, కవాగుచి యినుమును కాదు. అచ్చున పోసిన తుత్తునాగపు మిశ్రమము. కొలిమి కార్మికుని మనుమడు దానిని ఇనుమనియే పిలుచును.