చావు ముందుగా తెలిసినవాని కథ

1995 అక్టోబరు 13వ తేదీ శుక్రవారము రాత్రి అమెరికాలోని ఫాక్స్ టెలివిజన్‌లో ‘క్లైడ్ బ్రక్‌మన్స్ ఫైనల్ రిపోజ్’ అను కథ ప్రసారమై మూడు దశాబ్దములు నిండినవి. ‘ది ఎక్స్-ఫైల్స్’ ధారావాహికలోని 218 కథలలోను నాకు అత్యంత ప్రీతిపాత్రమైనది ఇదియే. వింతను చూపి విస్మయపెట్టు కథలు లోకమున కొల్లలు. ఆ వింత పాలబడిన మనుష్యునిపై జాలి పుట్టించు కథలు అరుదు.

అద్భుతకథల వంశము మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుశకము రెండవ శతాబ్దియందే లూషియన్ అను రచయిత గ్రీకు భాషలో చంద్రలోకయాత్రను వర్ణించెను. అటుపిమ్మట పెక్కు శతాబ్దములు దయ్యముల కథలతోను, మంత్రగాండ్ర కథలతోను గడచిపోగా, 1818లో మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ప్రకటించి అద్భుతమును శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు చేర్చినది. 1841లో ఎడ్గార్ ఆలన్ పో అపరాధ పరిశోధన కథకు ఒరవడి పెట్టెను. వేర్వేరుగా పారిన ఈ రెండు పాయలును టెలివిజన్ కాలమున సంగమించినవి. 1959లో రాడ్ సెర్లింగ్ ‘ట్విలైట్ జోన్’ను ఆరంభించెను. 1974లో వచ్చిన ‘కోల్‌చాక్: ది నైట్ స్టాకర్’లో ఒక పత్రికా విలేఖరి పిశాచముల వెంటబడి, తాను కన్నదానిని ఎవ్వరును నమ్మక అల్లాడును. అది 20 భాగములతోనే ఆగిపోయినను, దానిని మరువజాలని క్రిస్ కార్టర్ 1993 సెప్టెంబరు 10న ‘ఎక్స్-ఫైల్స్’ను ప్రేక్షకుల ముందుంచెను.

ఎఫ్.బి.ఐ. కార్యాలయపు నేలమాళిగలో తేలని కేసుల దస్త్రముల నడుమ కూర్చుండు ఫాక్స్ మల్డర్, చిన్ననాడు తన చెల్లెలిని గ్రహాంతరవాసులు ఎత్తుకొనిపోయిరని నమ్మినవాడు. అతని పనిని పరీక్షించుటకై పంపబడిన డానా స్కల్లీ, వైద్యశాస్త్రము చదివి ఋజువు లేనిదే దేనిని ఒప్పుకొననిది. డేవిడ్ డుకోవ్నీ, జిలియన్ ఆండర్సన్ ధరించిన ఈ పాత్రల పరస్పర గౌరవమే ధారావాహికకు ప్రాణము. ప్రభుత్వ రహస్యముల చుట్టును అల్లిన కథలు కొన్ని, ఏ వారమునకు ఆ వారము ముగిసిపోవు విడికథలు కొన్ని. అలాస్కా మంచులో చిక్కినవారు ఒకరినొకరు శంకించుకొను ‘ఐస్’, జరిగినదానినే ఇరువురును ఇరుతెరగుల చెప్పు ‘బ్యాడ్ బ్లడ్’ రెండవ తెగలోనివి. నా మనస్సెప్పుడును ఈ తెగవైపే మొగ్గును.

‘ది హోస్ట్’ అను కథలో మురుగుకాలువలయందు తిరుగు జలగమానవుని వేషమున రబ్బరు తొడుగులో నటించిన డారిన్ మోర్గన్, తరువాత కలము పట్టి వ్రాసిన కథయే ఈ బ్రక్‌మన్ కథ. మిన్నెసోటా రాష్ట్రములోని సెయింట్ పాల్ నగరమున జోస్యులను వెదకి వెదకి చంపుచున్న హంతకుడొకడు; వానిని పట్టుటకై మల్డర్, స్కల్లీ వచ్చెదరు. అచటనే క్లైడ్ బ్రక్‌మన్ అను వృద్ధ జీవితబీమా ఏజెంటు కలడు. ఎదుటి మనిషి ఎట్లు మరణించునో అతనికి కనబడును. కనబడినదానిని మాన్పు శక్తి మాత్రము లేదు. భవిష్యత్తు తెలిసియు నోరు విప్పజాలని సహదేవుని కథ చిన్ననాడు విన్న మనకు ఇతని వేదన సులభముగనే బోధపడును.

ఈ శక్తి అతనికి వచ్చిన విధము విచిత్రమైనది. 1959లో బడ్డీ హోలీ మరణించిన విమానప్రమాదములోనే తన అభిమాన గాయకుడైన బిగ్ బాపర్‌ కూడ పోగా, ఎన్ని చిన్న చిన్న కారణములు కూడివచ్చి అతనిని ఆ విమానమెక్కించినవో అని ఆలోచించి ఆలోచించి, తుదకు ప్రతివాని చావును చూడగలవాడాయెను. మల్డర్ ఒక వంటశాలలో నేలబడిన క్రీము మిఠాయిని త్రొక్కునని, ఆ క్షణముననే అతని కంఠము తెగునని చెప్పుచు, నడుమ ఆగి, ఆ మిఠాయి కొబ్బరిదో అరటిపండుదో తేల్చుకొనలేక బ్రక్‌మన్ తికమకపడును. చావు వర్ణన వినుచు మనము నవ్వుదుము. నవ్విన వెనువెంటనే గుండె బరువెక్కును. తీరా ఆ ఘడియ వచ్చినపుడు మల్డర్ మిఠాయిని త్రొక్కును గాని, లిఫ్టు పొరపాటున ఎక్కి అచటికి చేరిన స్కల్లీ హంతకుని కాల్చి అతనిని కాపాడును. విధి ఎంతవరకు, యాదృచ్ఛికమెంతవరకు అను ప్రశ్నను రచయిత తేల్చక మనకే విడిచిపెట్టెను.

నీవు నా చేయి పట్టుకొని కూర్చుందువు, నా చెంపపై కన్నీరు జారుచుండును అని బ్రక్‌మన్ ఒకనాడు స్కల్లీతో చెప్పును. ఆమె దానిని వృద్ధుని చాపల్యమనుకొనును. కడపట అతడు స్వయముగా ప్రాణము తీసికొని మంచముపై పడియుండగా, ఆమె వచ్చి ఆ చేతిని తన చేతిలోనికి తీసికొనును. చెప్పినది అక్షరాల జరిగినది. తన చావు సంగతి స్కల్లీ అడిగినపుడు, నీకు చావు లేదని అతడు చెప్పిన మాట ఒక్కటియే ఈ కథలో వెలుగురేఖ. పీటర్ బాయిల్ ఆ వృద్ధుని విసుగును, మంచితనమును ముఖముననే పలికించెను. ఈ కథకు రచయితకును, నటునికిని 1996లో ఎమ్మీ పురస్కారములు లభించినవి.

అటుపిమ్మటి చరిత్ర ఇంత చక్కగా సాగలేదు. 1998లో ఒక చలనచిత్రము వచ్చినది. అయిదు సీజన్లు వాంకూవర్‌లో జరిగిన చిత్రీకరణ లాస్ ఏంజిలిస్‌కు మారినది. ఏడవ సీజన్ పిమ్మట డుకోవ్నీ చాలవరకు తప్పుకొనెను. 2002లో ధారావాహిక ఆగి, 2008లో మరియొక చలనచిత్రముగాను, 2016, 2018లలో కొత్త సీజన్లుగాను తిరిగి తలయెత్తినది. ‘డ్రైవ్’ అను కథ వ్రాసిన విన్స్ గిలిగన్, అందు నటించిన బ్రయన్ క్రాన్‌స్టన్‌తోనే పదేండ్లకు ‘బ్రేకింగ్ బ్యాడ్’ తీసి కీర్తిగాంచెను. ప్రభుత్వ కుట్రను గూర్చిన మహారహస్యము మాత్రము ఏండ్ల తరబడి ముడిపై ముడి పడి, తృప్తినిచ్చు సమాధానము లేకయే మిగిలిపోయినది.

రహస్యమును సాగదీసిన కథలు వాడిపోయినవి, మనిషిని పట్టించుకొన్న కథలు నిలిచినవి. కావున ఎక్స్-ఫైల్స్‌ను ఇంతవరకు ఎరుగని పాఠకులు మొదటి భాగముతో గాక, మూడవ సీజన్‌లోని ఈ నాలుగవ కథతో ఆరంభింపవలెనని నా మనవి.