మాధవరానికి మిలిటరీ పేరు తెచ్చింది రాజులు కారు

మన ఊరి మీద ఎవరు ఏ వ్యాసం రాసినా మొదటి పేరా ఒకటే. పదిహేడో శతాబ్దంలో ఒడిశా గజపతుల వంశీకుడు పూసపాటి మాధవవర్మ అరుగొలనులో కోట కట్టించాడట. సైనికుల్ని తెచ్చి మాధవరంలోనూ చుట్టుపక్కలా కాపురం పెట్టించాడట. ఆ నెత్తురే ఇప్పటికీ మన పిల్లల్ని మిలిటరీకి పంపిస్తోందట. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాసుకుంటూ పోయారు. మా తాతగారు ఈ మాట ఏనాడూ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను.

గజపతుల రాజ్యం 1434లో కపిలేంద్రుడితో మొదలై 1541లో ముగిసిపోయింది. పదహారో శతాబ్దం వెళ్లకుండానే రాజమహేంద్రవరం గోల్కొండ నవాబుల చేతికి పోయింది. 1687లో గోల్కొండ పడేదాకా ఈ సీమ వాళ్లదే. మరి పదిహేడో శతాబ్దంలో ఇక్కడ కోట కట్టిన ఒడిశా గజపతి ఎవరు? మాధవవర్మలు విష్ణుకుండిన రాజులు, అంతకు వెయ్యేళ్ల ముందువాళ్లు. విజయనగరం పూసపాటివారు తమ వంశాన్ని మాధవవర్మ దాకా చెప్పుకుంటారు, గజపతి బిరుదూ వారికుంది. ఇవన్నీ కలిపి ఒక్క మనిషిని తయారుచేశారు.

మాధవవర్మ పొలమూరు తామ్రశాసనం సంగతి ఎత్తేవాళ్లూ ఉన్నారు. అది మన పెనుమంట్ర పక్క పొలమూరు కాదు, గోదావరి ఆవల రామచంద్రపురం వైపుది. అందులో రాజు ఒక వేదపండితుడికి ఊరు దానమిచ్చాడు. మన ఊరి ఊసు అందులో లేదు, సైనికుల్ని కాపురం పెట్టిన మాటా లేదు.

నెత్తురు వాదం ఇంకా అన్యాయం. అది తెల్లదొరల సిద్ధాంతం. ఫలానా కులాలూ జాతులే యుద్ధానికి పుట్టాయన్నది వాళ్ల లెక్క. మద్రాసు సైన్యాధిపతిగా చేసిన రాబర్ట్స్ దొర ఆ లెక్కతోనే దక్షిణాదివాళ్లు పోరుకు పనికిరారని తేల్చాడు. మన పటాలాల్ని ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి మనుషులు కావలసొచ్చేసరికి మళ్లీ మనవాళ్లే పనికొచ్చారు. యుద్ధమయ్యాక ఖర్చు తగ్గించాలని 1928 నాటికి మద్రాసు రెజిమెంటునే ఎత్తేశారు, 1941లో తిరిగి నిలబెట్టారు. మనల్ని పనికిరానివాళ్లన్న సిద్ధాంతాన్నే తిరగేసి మనకు కిరీటంలా పెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారని ఊళ్లో చెప్పుకుంటాం. ఆ తొంభై ఇంతగా పెరగడానికి కారణం ఇంటింటి పెద్దలు. సుబేదారు వేంపల్లి వెంకటాచలం గారి బిరుదుల గురించి చాలామంది రాశారు, రాయవలసిందే. బిరుదుల్లేనివాళ్ల గురించి ఎవరూ రాయలేదు.

అలాంటివాళ్లలో మా తాతగారొకరు. 1942లో సైన్యంలో చేరారు. కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో శిక్షణ, ఆపైన బర్మా. హవల్దారుగా వచ్చేశారు. ఆయన ఇనప్పెట్టె మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. నంబరు ఇప్పటికీ చదవొచ్చు, పేరులో సగం తుప్పు తినేసింది. లోపల డిశ్చార్జి పుస్తకం, పక్కనే బర్మా స్టార్. ఆరు మొనల ఇత్తడి నక్షత్రం, నీలం రిబ్బను, మధ్యలో ఎర్ర చార. ఆ పతకాన్ని ఆయన పండక్కి కూడా పెట్టుకునేవారు కాదు.

సైన్యం నుంచి వచ్చాక ఆయన పనంతా మా వీధి అరుగు మీద జరిగేది. తెల్లారకముందే కుర్రాళ్లని లేపి తాడేపల్లిగూడెం రోడ్డు మీద పరిగెత్తించేవారు. తిరిగొచ్చాక ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి నెత్తి మీద పెన్సిలు గీత గీసేవారు. దర్జీ టేపు ఛాతీకి చుట్టి "ఊపిరి పట్టరా" అనేవారు. రెండంగుళాలు పెరక్కపోతే నెలరోజులు మళ్లీ పరుగే. కొడుకుని పంపనని తల్లి మొండికేస్తే వాళ్లింటికి వెళ్లి కూర్చుని, జీతమెంత, పింఛనెంత, సెలవులెప్పుడు, మనిషి పోతే ఇంటికి ఏమొస్తుంది, ఏదీ దాచకుండా చెప్పేవారు. ఆ చివరి మాట కూడా చెబుతారు గనకే తల్లులు ఆయన్ని నమ్మారు. పొలం అన్నదమ్ములు పంచుకుంటే మిగిలేది గట్లే అయిన ఇళ్లకి ఆ జీతం ఎంత అవసరమో ఆయనకి తెలుసు.

మా ద్వారబంధం మీద ఆ గీతలు ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్ని ఇప్పుడు పింఛను తీసుకుంటున్నవాళ్లవి.

ఊరి చరిత్ర బోర్డు రాయించాలని పెద్దలు అనుకుంటున్నారు, మంచిదే. మాధవవర్మ పేరుతో మాత్రం మొదలుపెట్టొద్దు. సుబేదారు వీధి నుంచి చివరి ఇంటి దాకా ప్రతి ఇంటి పెట్టె తెరిపించండి. డిశ్చార్జి పుస్తకంలో ఉన్న నంబరు, పటాలం, చేరిన తేదీ చూసి ఒక్కొక్కటే ఎక్కించండి. మా తాతగారి పుస్తకం నేనే తెచ్చిస్తాను.